గడియారాన్ని పక్కన పెట్టిన లెక్క

ఒక కొండదారి. ఎక్కడ ఎంత వంపు ఉందో, ఎక్కడ ఎంత వాలు ఉందో ముందే కొలిచి కాగితం మీద పెట్టారు. కారు ఆ గీత దాటి పక్కకు పోవడానికి వీల్లేదు. రోడ్డు ఖాళీ, ఎదురుగా ఎవరూ రారు. ఒక కొస నుంచి రెండో కొసకు వీలైనంత తక్కువ సమయంలో చేరాలి. ఎక్కడ ఎంత వేగంతో వెళ్లాలి?

వినగానే ఇదీ ఒక ప్రశ్నేనా అనిపిస్తుంది. ఎటు వెళ్లాలో వెతుక్కునే పని లేదు కదా, ఇక మిగిలింది తొక్కడమే! తీరా లెక్కలోకి దిగితే గాని ఇందులోని మెలిక తెలియదు. గణితవేత్తలకూ ఇంజినీర్లకూ ఇది చక్కగా లొంగడానికి దగ్గరదగ్గర అరవై ఏళ్లు పట్టింది.

మెలిక ఏమిటంటే, మలుపు తిరిగేటప్పుడు టైరు రోడ్డును పట్టుకునే శక్తికి ఒక హద్దు ఉంది. 50 మీటర్ల వ్యాసార్ధం ఉన్న మలుపులో, పొడి తారురోడ్డు మీద ఆ హద్దు సుమారు గంటకు 70 కిలోమీటర్లు. దాటితే కారు జారుతుంది. సరే, మలుపు దగ్గర 70 అని రాసుకున్నాం. కానీ అంతకు ముందు తిన్నటి రోడ్డు మీద 108లో వస్తున్న కారు మలుపు దగ్గరికొచ్చాక ఉన్నపళంగా 70కి దిగలేదు, ముందే బ్రేకు పడాలి. ఎంత ముందు? అది అప్పటి వేగాన్ని బట్టి ఉంటుంది. ఆ వేగమేమో వెనకటి మలుపును బట్టి ఉంటుంది. ఈ మలుపు దాటిన వెంటనే ఇంకా బిగువైన మలుపొకటి కాచుకుని ఉంటే, ఇక్కడ 70 కూడా ఎక్కువే. పైగా బ్రేకు వేసినప్పుడు టైరు పట్టులో కొంత ఆగడానికే ఖర్చయిపోయి, తిరగడానికి మిగిలేది తగ్గుతుంది. ఇలా దారిలోని ప్రతి చోటూ మిగతా చోట్లన్నిటితో ముడిపడి ఉంటుంది. ఘాట్ రోడ్డు డ్రైవరుకు ఇదంతా ఏళ్ల తరబడి నడిపి నడిపి ఒంటికి పట్టేసి ఉంటుంది. యంత్రానికి అలా పట్టదు. దానికి లెక్క చెప్పాలి.

ఆ లెక్కకు మొదటి ఆధారం మాస్కోలో, చూపు లేని ఒక గణితవేత్త దగ్గర దొరికింది. లెవ్ పొంట్రియాగిన్ 1908లో పుట్టాడు. పద్నాలుగేళ్ల వయసులో ఇంట్లో స్టవ్ పేలి రెండు కళ్లూ పోయాయి. తల్లి తత్యానా ఆంద్రేయెవ్నాకు గణితం రాదు. అయినా కొడుకు పక్కన కూర్చుని గణిత గ్రంథాలు చదివి వినిపించేది. గుర్తుల పేర్లు తెలియవు కాబట్టి ఆకారాన్ని చూసి "తోకలు పైకి", "తోకలు కిందికి" అని చెప్పేదట. ఆ మాటల్ని మనసులోనే గణితంగా మార్చుకుంటూ ఎదిగిన పిల్లవాడు దేశంలోని గొప్ప గణితవేత్తల్లో ఒకడయ్యాడు. అయితే అతని రంగం టోపాలజీ. వాహనాలతోనూ వేగాలతోనూ దానికి ఏ సంబంధమూ లేదు.

సంబంధం కలిపింది కాకతాళీయంగా వచ్చిన ఒక అవసరం. 1950ల మధ్యలో సోవియట్ వైమానిక దళానికి చెందిన అధికారులు, విమానాలు అతి తక్కువ సమయంలో చేయాల్సిన విన్యాసాల గురించి ఒక సమస్య పట్టుకుని పొంట్రియాగిన్ దగ్గరికి వచ్చారు. అతను వరసగా మూడు రాత్రులు నిద్ర లేకుండా దానితో కుస్తీ పట్టి అసలు సమీకరణాలను రాబట్టాడని శిష్యుడు గామ్‌క్రెలిద్జే తరువాతి కాలంలో రాశాడు. 1956లో ప్రకటించిన ఆ ఫలితానికి 'గరిష్ఠ సూత్రం' అని పేరు. దాని గురించి పొంట్రియాగిన్, ముగ్గురు సహచరులు కలిసి రాసిన పుస్తకం 1961లో వచ్చింది. మరుసటి ఏడాది వాళ్లకు లెనిన్ బహుమతి దక్కింది.

మన కారుకు ఆ సూత్రం చెప్పేది సూటిగా ఉంటుంది. తొందరగా చేరాలంటే మధ్యేమార్గం పనికిరాదు. వీలైనంత గట్టిగా తొక్కాలి, లేదా వీలైనంత గట్టిగా బ్రేకు వేయాలి, లేదా ఏదో ఒక హద్దును ఒరుసుకుంటూ పోవాలి. చాలా బాగుంది. కానీ తొక్కడం ఆపి బ్రేకు ఎక్కడ మొదలుపెట్టాలి? ఆ ఒక్క సంగతి మాత్రం సూత్రం నేరుగా చెప్పదు. మొదట్లో కొన్ని అంకెలను ఊహించుకోవాలి, వాటితో చివరిదాకా లెక్క నడపాలి, గమ్యం తప్పితే మళ్లీ కొత్త అంకెలు ఊహించాలి. మొదట్లో వెంట్రుకవాసి తేడా చివరికి ఎక్కడెక్కడికో విసిరేస్తుంది.

పట్టాల మీద నడిచే రైలుకు ఈ పద్ధతి కొంత కలిసొచ్చింది. 1968లో జపాన్‌కు చెందిన ఇచికావా, తక్కువ శక్తి ఖర్చుతో వేళకు చేరే రైలు కోసం ఈ సూత్రాన్ని వాడి చూశాడు. తేలింది నాలుగు దశల ప్రయాణం: పూర్తి శక్తితో వేగం అందుకోవడం, దాన్ని నిలబెట్టడం, ఇంజిను ఆపేసి జారనివ్వడం, చివర బ్రేకు. అనుభవం ఉన్న రైలు డ్రైవర్లు అప్పటికే దాదాపు అలాగే నడుపుతున్నారు. గణితం వాళ్లకు కొత్తగా నేర్పింది తక్కువ. వాళ్లు చేసేది సరైనదేనని నిరూపించింది, అంతే. అదేమీ చిన్న పని కాదనుకోండి.

అసలు చిక్కు మరోచోట ముదిరింది. కార్ల ఫ్యాక్టరీల్లోకి రోబో చేతులు వచ్చాయి. వెల్డింగ్ చేసే చేయి ఏ గీత వెంట కదలాలో ముందే ఖరారై ఉంటుంది. గీత మారదు, వేగమే తేలాలి. ఎంత త్వరగా పని ముగిస్తే రోజుకు అన్ని ఎక్కువ కార్లు బయటికొస్తాయి. కానీ ఆ చేతికి కీళ్లు అనేకం. ఒక కీలు కదిలితే ఆ కుదుపు మిగతా వాటన్నిటికీ తగులుతుంది. 1971లో స్టాన్‌ఫర్డ్‌లో కాన్, రాత్ అనే ఇద్దరు పొంట్రియాగిన్ సూత్రాన్ని రోబో చేతికి నేరుగా పెట్టి చూశారు. సమీకరణాలు ఎంత చిక్కుపడ్డాయంటే, వాటిని ముతకగా సరళం చేసి 'దాదాపు కనిష్ఠ సమయం'తో సరిపెట్టుకోవాల్సి వచ్చింది. ఆ తరువాత పదేళ్లూ చాలామంది చేసింది ఇంతకన్నా మొరటు పని. చేయి ఎప్పుడైనా ఎదుర్కోగల అన్నిటికన్నా కష్టమైన పరిస్థితికి ఎంత వేగం భద్రమో చూసి, దారి పొడుగునా దాన్ని మించకుండా నడపడం. రోబో తన సత్తాలో చాలా భాగం వాడకుండానే పని చేసేది.

1980ల తొలినాళ్లలో అమెరికాలో జేమ్స్ బాబ్రో డాక్టరేట్ పరిశోధన కోసం ఈ సమస్య పట్టుకున్నాడు. స్టీవెన్ డుబోవ్‌స్కీ, గిబ్సన్ అతనితో కలిసి పనిచేశారు. వాళ్లు వేసిన మొదటి అడుగు చూస్తే, ఇంత తేలికైనది ముందు ఎవరికీ ఎందుకు తట్టలేదా అనిపిస్తుంది. చేతికి ఆరు కీళ్లుంటే ఆరు స్థానాలు, ఆరు వేగాలు, మొత్తం పన్నెండు అంకెలు. కానీ దారి ఖరారైపోయింది కదా! దారి వెంట ఎంత దూరం వచ్చామో చెబితే చాలు, ఆరు కీళ్లూ ఎక్కడున్నాయో దానంతటదే తెలిసిపోతుంది. దానికి తోడు దారి వెంట వేగమెంతో చెబితే కీళ్ల వేగాలూ తెలుస్తాయి. పన్నెండు అంకెలు రెండయ్యాయి. రెండంకెలను ఒక గ్రాఫు కాగితం మీద గీయవచ్చు, అడ్డంగా దూరం, నిలువుగా వేగం. కాలం ఆ కాగితం మీద ఎక్కడా కనిపించదు. ప్రశ్న "ఎప్పుడు ఎంత వేగం" అన్న రూపం వదిలి "ఎక్కడ ఎంత వేగం" అన్న రూపంలోకి వచ్చింది.

ఆ కాగితం మీద కొండల వరసలా ఎగుడుదిగుడుగా ఒక గీత కనిపించింది. దాని పైకి వెళితే ఏ మోటారూ చేతిని దారి మీద నిలిపి ఉంచలేదు. కిందనే ఉంటూ వీలైనంత ఎత్తున పోవాలి. బాబ్రో బృందం మొదలు నుంచి పూర్తి త్వరణంతో ముందుకు ఒక గీత గీసింది. ఆ పైన గమ్యం దగ్గర నిలబడి, పూర్తి బ్రేకుతో అక్కడికి చేరాలంటే ఎక్కడెక్కడ ఎంత వేగం ఉండాలో లెక్కిస్తూ వెనక్కి మరో గీత గీసింది. రెండు గీతలూ ఖండించుకుంటే అదే బ్రేకు వేయాల్సిన చోటు. ఎన్నో ఏళ్లుగా ఊహించి, తప్పి, మళ్లీ ఊహించి వెతుకుతున్న చోటు, గమ్యం నుంచి వెనక్కి నడిస్తే దొరికింది.

మధ్యలో ముందుకు వెళ్లే గీత ఆ హద్దును గుద్దుకుంటే మాత్రం చిక్కే. అప్పుడు కొంచెం వెనక్కి వచ్చి, ముందే బ్రేకు వేసి, హద్దును అలా తాకీ తాకనట్టు తాకి తప్పించుకునే చోటును వెతకాలి. ఆ 'మార్పు బిందువులు' దారి పొడుగునా ఎన్నయినా ఉండొచ్చు. ఒకటి పట్టుకున్నాక తరువాతిది, దాని తరువాత ఇంకొకటి. 1983లో ఒక సమావేశంలో ప్రస్తావించిన ఈ పద్ధతి 1985లో పూర్తి వ్యాసంగా వచ్చింది. విచిత్రంగా అదే 1985లో మిషిగన్ విశ్వవిద్యాలయం నుంచి కాంగ్ షిన్, నీల్ మెకే వేరుగా దాదాపు ఇదే పద్ధతిని ప్రచురించారు.

సమస్య తీరిపోయినట్టేనని ఎవరికైనా అనిపిస్తుంది. తీరలేదు. మార్పు బిందువులను వెతకడం నెమ్మదిగా సాగే పని. మ్యూనిక్‌లో ఫైఫర్, యోహాని 1987లో, ఎం.ఐ.టి.లో స్లోటిన్, యాంగ్ 1989లో ఆ వెతుకులాటను బాగా తగ్గించారు. ఆ బిందువుల్లో ఒక రకం మాత్రం మొండికేసింది. దారిలో కొన్ని చోట్ల ఏదో ఒక కీలు దగ్గరి మోటారు ఎంత గింజుకున్నా దారి వెంట త్వరణం మీద దాని ప్రభావం సున్నా అవుతుంది. లెక్కలో అక్కడ సున్నాతో భాగించాల్సి వస్తుంది. కంప్యూటరు గీసే గీత అక్కడికి రాగానే రంపం పళ్లలా పైకీ కిందికీ కొట్టుకునేది, లేదా దారి ఉన్నా లేదని చేతులెత్తేసేది. 1992లో షిల్లర్, లు దానికి ఒక మందు కనిపెట్టారు. అదీ పూర్తి మందు కాదని 2014లో క్వాంగ్-కువోంగ్ ఫామ్ చూపించి సరిదిద్దాడు. పుస్తకంలో అందంగా కనిపించే పద్ధతి ఫ్యాక్టరీలో ఎప్పుడో ఒకప్పుడు మొరాయిస్తే అక్కడివాళ్లు దాన్ని నమ్మరు. నమ్మకపోవడం న్యాయమే.

ఈలోగా పూర్తిగా వేరే ఊళ్లో, వేరే మనుషుల మధ్య ఇంకో కథ నడుస్తోంది. 1984లో అమెరికాలోని బెల్ ల్యాబ్స్‌లో పనిచేస్తున్న మన దేశస్థుడు నరేంద్ర కర్మార్కర్, లీనియర్ ప్రోగ్రామింగ్ లెక్కలను, అంటే తిన్నటి గీతల హద్దుల మధ్య అత్యుత్తమ సమాధానం వెతికే లెక్కలను, కొత్త దారిలో వేగంగా చేసే పద్ధతి ప్రకటించాడు. ఆ వార్త న్యూయార్క్ టైమ్స్ మొదటి పేజీకెక్కింది. హద్దుల అంచుల వెంట పాకకుండా లోపలి నుంచి చొచ్చుకుపోయే ఈ తరహా పద్ధతులను నెస్తెరోవ్, నెమిరోవ్‌స్కీ మరింత విస్తరించి 1994లో పుస్తకంగా తెచ్చారు. ఆ విస్తరణ వల్ల 'కుంభాకార' సమస్యలు అనే పెద్ద కుటుంబమంతా కంప్యూటరుకు చేతికందింది. కుంభాకార సమస్య మూకుడు లాంటిది. గోళీని ఏ అంచు నుంచి వదిలినా దొర్లి దొర్లి అడుగున ఒకే చోట ఆగుతుంది. తప్పుడు గుంటలో చిక్కుకుంటామన్న భయం లేదు. దొరికిన సమాధానమే అత్యుత్తమమని రూఢిగా చెప్పవచ్చు.

కర్మార్కర్ పద్ధతి, బాబ్రో పద్ధతి ఇంచుమించు ఒకే ఏడాదిలో పుట్టాయి. ఒకటి రెండోదాని కష్టం తీర్చగలిగిన తోవలో ఉంది. అయినా ఆ తోవలు కలవడానికి పాతికేళ్లు పట్టింది. రోబోల వాళ్లు ఆ గణితం వైపు, గణితం వాళ్లు రోబోల వైపు చూడకపోవడమే కారణమని నేననుకుంటాను. ఇంకో కారణమూ ఉంది. వేగాన్ని తెలియని రాశిగా పెట్టుకుంటే ఈ సమస్య కుంభాకారంగా కనిపించదు.

2009లో బెల్జియంలోని లూవెన్ విశ్వవిద్యాలయం నుంచి డీడెరిక్ వెర్‌స్హ్యూరె, అతని సహచరులు ప్రచురించిన వ్యాసంలో ఆ ముడి విడింది. వాళ్లు దారిని చిన్న ముక్కలుగా కోశారు. ప్రతి ముక్క దగ్గరా తెలియని రాశిగా పెట్టుకున్నది వేగాన్ని కాదు, వేగ వర్గాన్ని. వేగ వర్గం అంతకు ముందు ఎవరూ చూడనిదేమీ కాదు, పాత వ్యాసాల్లోనూ అక్కడక్కడా తొంగిచూసింది. దాన్ని లెక్క మధ్యలో కూర్చోబెట్టి, మిగతా అంతా దాని చుట్టూ కట్టడం కొత్త.

ఇందులోని కీలకం మన పిల్లలకు తొమ్మిదో తరగతిలోనే చెబుతారు. వి స్క్వేర్ మైనస్ యు స్క్వేర్ ఈజ్ ఈక్వల్ టు టూ ఏ ఎస్. పరీక్ష కోసం బట్టీ పట్టి వదిలేసే సూత్రం. దాన్నొకసారి తీరిగ్గా చూద్దాం. సెకనుకు 30 మీటర్ల వేగంతో, అంటే గంటకు 108 కిలోమీటర్లతో వస్తున్న కారు 20కి తగ్గాలి. బ్రేకు ప్రతి సెకనుకూ వేగాన్ని 5 చొప్పున తగ్గిస్తుందనుకుందాం. పది మీటర్లకొకసారి వేగం రాసుకుంటే 30, 28.3, 26.5, 24.5, 22.4, 20 అని వస్తుంది. తగ్గుదల ఒక్కో చోట ఒక్కోలా ఉంది. ఇప్పుడు వాటి వర్గాలు రాద్దాం: 900, 800, 700, 600, 500, 400. మెట్లు కట్టినట్టు పది మీటర్లకు సరిగ్గా వంద. గడియారం పక్కన పెట్టి దూరాన్ని చేత పట్టుకుంటే, వేగం వంకరగా మారుతుంది గాని వేగ వర్గం తిన్నటి గీత మీద నడుస్తుంది.

మిగతా హద్దులు కూడా ఈ అచ్చులో చక్కగా ఒదిగాయి. మలుపులో టైరు మీద పడే భారం వేగ వర్గాన్ని వ్యాసార్ధంతో భాగిస్తే వస్తుంది. అది తిన్నటి సంబంధమే. గాలి అడ్డు వేగ వర్గానికి అనుపాతంలో పెరుగుతుంది, అదీ తిన్ననిదే. బ్రేకుకూ మలుపుకూ టైరు పట్టును పంచాల్సిన హద్దు ఒక వృత్తం, వృత్తం లోపలి భాగం కుంభాకారమే. చివరికి మిగిలింది మొత్తం సమయం. ప్రతి ముక్క దూరాన్నీ వేగ వర్గపు వర్గమూలంతో భాగించి కూడితే అది వస్తుంది. ఆ మొత్తం కూడా మూకుడు ఆకారమే! దశాబ్దాలుగా మార్పు బిందువుల కోసం తడుముకున్న చోట, ఇప్పుడు వాటిని వెతికే పనే లేకుండా పోయింది. హద్దులన్నీ రాసి, ఇలాంటి లెక్కలు తేల్చే సాల్వరు ప్రోగ్రాముకు ఇస్తే బ్రేకు ఎక్కడ పడాలో దానంతటదే తేలుతుంది.

అన్నీ ఇలా ఒదగవు. వేగానికే నేరుగా అనుపాతంలో ఉండే ఘర్షణ ఈ అచ్చులో పట్టదు. త్వరణం ఎంత హఠాత్తుగా మారుతోందన్నది కూడా పట్టదు. ప్రయాణికుడికి కుదుపు తెలియకుండా ఉండాలంటే లెక్కించాల్సింది సరిగ్గా దాన్నే. అయినా 2014లో స్టాన్‌ఫర్డ్‌కు చెందిన థామస్ లిప్, స్టీఫెన్ బాయిడ్ ఇదే దారిని రోబోల నుంచి కార్ల వంటి వాహనాలకు విస్తరించారు. ప్రతి బిందువూ తన పక్కవాటితోనే ముడిపడి ఉంటుందన్న సంగతిని వాడుకుని సాల్వరును బాగా వేగంగా నడిచేలా చేశారు.

2018లో సింగపూర్ నన్యాంగ్ సాంకేతిక విశ్వవిద్యాలయం నుంచి హుంగ్ ఫామ్, క్వాంగ్-కువోంగ్ ఫామ్ తెచ్చిన పద్ధతి నాకు వీటన్నిటికన్నా ముచ్చటగా ఉంటుంది. అంతకు నాలుగేళ్ల ముందు పాత పద్ధతి రంపం పళ్లను సరిదిద్దిన క్వాంగ్-కువోంగ్ ఫామే, ఇప్పుడు ఆ పద్ధతినే పక్కన పెట్టాడు. గమ్యం దగ్గర మొదలుపెట్టి ఒక్కో అడుగే వెనక్కి వస్తూ, ప్రతి చోటా "ఇక్కడ ఏయే వేగ వర్గాలతో ఉంటే గమ్యానికి భద్రంగా చేరగలం" అన్న హద్దును రాసుకుంటారు. మొదటికి చేరాక ముందుకు తిరిగి, ఆ హద్దుల్లోనే అడుగడుగునా అన్నిటికన్నా ఎక్కువ వేగం ఎంచుకుంటూ పోతారు. ఆ వేగం ఎటూ వెనక్కి వచ్చినప్పుడే పరీక్షకు నిలిచింది కాబట్టి చిక్కుకునే భయం లేదు. గమ్యం నుంచి వెనక్కి నడవడం బాబ్రో కాలం నాటిది, వర్గాలతో తిన్నటి గీతలు లూవెన్ వాళ్లవి. రెండూ కలిస్తే అడుగుకొక చిన్న లీనియర్ ప్రోగ్రామ్ మాత్రమే మిగిలింది.

ఖాళీ రోడ్డు విడిచి ఊళ్లోకి వస్తే సంగతి మారుతుంది. ఎదుట లారీ ఉంది, పక్క సందులోంచి స్కూటరు వస్తోంది. అప్పుడు "ఎక్కడ" అన్నది ఒక్కటే చాలదు, "ఎప్పుడు" కూడా కావాలి. పక్కన పెట్టిన గడియారాన్ని మళ్లీ చేతిలోకి తీసుకోవాల్సిందే. 1986లోనే మెక్‌గిల్ విశ్వవిద్యాలయంలో కమల్ కాంత్, స్టీవెన్ జకర్ ముందు దారి తేల్చి, ఆ తరువాత దూరమూ కాలమూ ఉన్న గ్రాఫు మీద కదిలే అడ్డంకులను గీసి వాటి మధ్య సందు చూసుకుని వేగం తేల్చాలని ప్రతిపాదించారు. స్కూటరు వెళ్లకముందే దాటాలా, వెళ్లాక దాటాలా అన్న ఎంపిక వచ్చిందంటే మూకుడు పగిలినట్టే, రెండు గుంటలు ఏర్పడతాయి. బైదూ సంస్థ అపోలో డ్రైవర్‌రహిత కార్ల కోసం 2018లో వెల్లడించిన పద్ధతి కూడా ముందు ఏ గుంటలో దిగాలో, సాధ్యమైన తోవలను అంచెలంచెలుగా పోల్చే డైనమిక్ ప్రోగ్రామింగ్‌తో ఎంచుకుని, ఆ తరువాతే కుంభాకార లెక్క మొదలుపెడుతుంది. ఖాళీ దారి లెక్క తేలినంత శుభ్రంగా రద్దీ దారి లెక్క ఇంకా తేలలేదు.

ఫామ్‌ల ప్రోగ్రాము ఎవరైనా ఉచితంగా వాడుకునేలా అందుబాటులో ఉంది. ఇంజినీరింగ్ చదివే పిల్లలు దాన్ని తెరిచే ముందు ఒక కాగితం, పెన్సిలు తీసుకుని చేత్తో ప్రయత్నిస్తే బాగుంటుంది. తెలిసిన ఘాట్ రోడ్డు మ్యాపు మీద పది మీటర్లకొక చుక్క పెట్టండి. ప్రతి మలుపు దగ్గరా వ్యాసార్ధాన్ని 8తో హెచ్చించి రాస్తే సుమారుగా అక్కడి వేగ వర్గపు హద్దు. చివర నుంచి వెనక్కి వస్తూ చుక్కకు వంద చొప్పున మాత్రమే పెరగనివ్వండి, మొదటి నుంచి ముందుకు వెళుతూ చుక్కకు అరవై చొప్పున. రెండు వైపులా ఏ చుక్క దగ్గరైనా మలుపు హద్దు దాటితే, ఆ హద్దు నుంచే మళ్లీ లెక్క మొదలుపెట్టండి. మూడు అంకెల్లో చిన్నది ఉంచి వర్గమూలం తీయండి. బ్రేకుకూ మలుపుకూ టైరు పట్టును పంచే హద్దు ఇందులో లేదు కాబట్టి ఇది ముతక లెక్కే. కాగితం మీదే సుమా, రోడ్డు మీద కాదు.